న్యాయం కన్నా ముందు నకలు అడగండి

మీ అన్న ఎలా చనిపోయాడని అడిగితే ఇన్నేళ్లుగా ఒకే మాట వింటున్నారా? "ఎదురుకాల్పుల్లో పోయాడు" అంటారు. లేకపోతే "గుంపు మీద కాల్పులు జరిగినప్పుడు తగిలింది" అంటారు. కొన్ని ఇళ్లకు ఆ మాట కూడా చేరలేదు. పట్టుకుపోయారు, మనిషి మళ్లీ కనపడలేదు, అంతే. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చి ఉప్పల్ రింగురోడ్డు చుట్టుపక్కల, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల పక్కన స్థిరపడ్డవాళ్లలో ఈ బరువు మోస్తున్న కుటుంబాలు ఉన్నాయి. మీది అలాంటి ఇల్లయితే ఈ అధ్యాయం మీ కోసమే. చెప్పదలచుకున్నది ఒక్కటే: న్యాయం అడిగే ముందు నకళ్లు అడగండి. "మాకు న్యాయం చేయండి" అని వినతిపత్రం ఇస్తే అధికారి చదివి పక్కన పెట్టవచ్చు, చట్టం అతన్ని ఏమీ అనదు. "ఫలానా తేదీన ఫలానా చోట జరిగిన శవ పంచనామా నకలు ఇవ్వండి" అని సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వడం లేదో ఏ సెక్షనో చెప్పి రాతపూర్వకంగా తిరస్కరించాలి. మౌనంగా ఉండిపోయినా చట్టం దాన్ని తిరస్కరణగానే లెక్కగడుతుంది, మీకు అప్పీలు హక్కు వస్తుంది. ఈ తేడా మీదే మీ ప్రయత్నమంతా నిలబడుతుంది.

కాగితం వస్తే మాత్రం ఏం లాభం అనుకుంటున్నారా? ఒక మనిషి పోలీసు కాల్పుల్లో చనిపోతే ఆ చావు కనీసం అరడజను చోట్ల రాతకెక్కుతుంది. ఠాణాలో జనరల్ డైరీ ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ నకలు మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్తుంది. పంచనామా కాగితం ఇంకొకటి. పోస్టుమార్టం నివేదిక రాసేది పోలీసులు కాదు, ఆసుపత్రి డాక్టరు. తూటాలు, బట్టలు ఫోరెన్సిక్ ల్యాబుకు వెళ్తే అక్కడ ఒక నివేదిక పుడుతుంది. ఆయుధాగారంలో ఎవరు ఏ తుపాకీ తీసుకున్నారు, ఎన్ని తూటాలు తిరిగి అప్పగించారు అన్న లెక్క ఉంటుంది. కలెక్టరుకో ఆర్డీవోకో విచారణ అప్పగిస్తే అదొక ఫైలు. పరిహారం ప్రకటిస్తే ఒక జీవో. ఇవన్నీ ఒకే చేతిలో ఉండవు, ఒకే బీరువాలోనూ ఉండవు. అన్నిటినీ ఒకేసారి మాయం చేయడం, అన్నిటిలో ఒకే కథ రాయడం ఎవరికైనా కష్టమే. 1987లో మీరట్‌లోని హాషింపురా నుంచి ముస్లిం యువకులను ట్రక్కులో ఎక్కించుకుపోయి చంపిన కేసు చూడండి. 2015లో కింది కోర్టు నిందితులను విడిచిపెట్టింది. ఆ రోజు డ్యూటీలో ఎవరెవరు ఉన్నారో చెప్పే పాత జనరల్ డైరీ రిజిస్టరు ఆ తర్వాత ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. 2018 అక్టోబరు 31న 16 మంది ప్రాదేశిక సాయుధ పోలీసులకు యావజ్జీవ శిక్ష పడింది. ముప్పై ఒక్క ఏళ్ల నాటి నేరంలో ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పింది రోజువారీ డ్యూటీ రాసుకునే ఒక మామూలు పుస్తకం.

కాగితం బయటికి రాకపోతే ఏమవుతుందో చూడటానికి మీరట్ దాకా పోనక్కర్లేదు. 1969 తెలంగాణ ఉద్యమంలో పోలీసు కాల్పులకు బలైనవాళ్లు 369 మంది అని మనమంతా చెప్పుకుంటాం, గన్‌పార్కు స్తూపం దగ్గర తలవంచుతాం. కానీ పేరు, ఊరు, తూటా తగిలిన చోటు, కాల్చమన్న అధికారి వివరాలతో ఆ జాబితా మొత్తం ప్రభుత్వమే ప్రజల ముందు పెట్టి ఉంటే ఆ సంఖ్య మీద ఇన్ని దశాబ్దాలు వాదన జరిగేదా? 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండుల సభ మీద కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్లు 13 మంది అన్నది సర్కారు లెక్క, 60 మంది దాకా అన్నది పౌరహక్కుల సంఘాల లెక్క. ఆ రెండు అంకెల మధ్య ఉన్న ప్రతి మనిషికీ ఒక ఇల్లుంది, ఆ ఇంటికి ఇప్పటికీ కాగితం లేదు. 1948 హైదరాబాద్ పోలీసు చర్య తర్వాత జరిగిన హత్యాకాండ మీద పండిత్ సుందర్‌లాల్ కమిటీ అదే ఏడాది తిరిగి చూసి, కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంట పడలేదు. చివరికి అందరూ చూసే వీలు కలిగింది ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ గ్రంథాలయంలో. హైదరాబాద్ గురించిన కాగితం ఢిల్లీలో దొరికింది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మీ వెతుకులాటలో పనికొస్తుంది.

విచారణ కమిషన్ వేయించుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. ఎమర్జెన్సీలో, 1975 జులై 25న, అప్పటి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో సూరపనేని జనార్దన్, మరో ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు. 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడిన తార్కుండే కమిటీ ఊళ్లకు వెళ్లి గ్రామస్తులను అడిగింది. కవి కాళోజీ అందులో సభ్యులు, న్యాయవాది కన్నబిరాన్ కార్యదర్శి. ఆ కమిటీ బయటపెట్టిన విషయాల ఒత్తిడితోనే రాష్ట్ర ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేసింది. సాక్ష్యాలు బయటికి వస్తున్న దశలో విచారణ రహస్యంగా జరపాలని ప్రభుత్వం పట్టుబట్టింది. అంతటితో ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి కమిషన్లను వద్దనకండి, కానీ ప్రభుత్వం తలుపు తెరిచినప్పుడే సాగే పనిగా మీ ప్రయత్నాన్ని పెట్టుకోకండి. నకలు అడగడం మీ చేతిలో ఉన్న పని. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు తేదీ, ఊరు, ఠాణా తేల్చుకోండి. ఇది తేలిగ్గా కనిపిస్తుంది కానీ చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. జిల్లాలు మారాయి, కమిషనరేట్లు మారాయి, ఫైళ్లు మాత్రం ఎక్కడో ఒకచోట ఆగిపోయాయి. ఉప్పల్‌నే తీసుకోండి. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఇది హైదరాబాద్ జిల్లా. 2016 అక్టోబరు నుంచి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. అంటే 1969 నాటి సంగతికి హైదరాబాద్ కలెక్టరేటు, 1995 నాటి సంగతికి రంగారెడ్డి కలెక్టరేటు, ఈమధ్య సంగతికి మేడ్చల్ కలెక్టరేటు. ఎక్కడ ఉందో తెలియక ఆగిపోతున్నారా? ఆగకండి. దరఖాస్తు తప్పు ఆఫీసుకు వెళ్తే 5 రోజుల్లో సరైన ఆఫీసుకు పంపే బాధ్యత సెక్షన్ 6(3) కింద వాళ్లదే. "మాది కాదు" అని తిప్పి పంపడం చెల్లదు.

2. "ఎందుకు" అని అడగకండి, "ఏ కాగితం" అని అడగండి. నాచారంలో ఉండే ఒక చెల్లెలు 1998లో పోయిన అన్న గురించి దరఖాస్తు రాస్తోందనుకుందాం. మనసులో ఉన్నది రాస్తే ఇలా వస్తుంది: "మా అన్నను ఎందుకు చంపారు? బాధ్యులెవరు? చర్య ఎందుకు తీసుకోలేదు?" దీనికి వచ్చే జవాబు కూడా తెలిసిందే, ఇది సమాచారం కిందికి రాదు అని. రికార్డులో ఉన్నదే ఇవ్వాలి తప్ప అభిప్రాయాలూ కారణాలూ కొత్తగా తయారు చేసి ఇవ్వనక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే చెల్లెలు ఇలా రాస్తే? ఫలానా ఠాణా పరిధిలో ఫలానా తేదీన జరిగిన ఘటనకు సంబంధించి ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక, ఆ రోజుకూ మర్నాటికీ జనరల్ డైరీ పేజీలు, తూటాల లెక్క, మేజిస్ట్రేట్ విచారణ జరిగి ఉంటే దాని నివేదిక, కేసు ముగించిన ఉత్తర్వు, వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వండి. ఇందులో ప్రతి మాటకూ ఒక కాగితం ఉంది. అన్నీ ఒకే దరఖాస్తులో కుక్కకండి. ఠాణాకు ఒకటి, ఆసుపత్రికి ఒకటి, కలెక్టరేటుకు ఒకటి విడివిడిగా పంపండి. కోర్టుకు చేరిన కాగితాలకు కోర్టులోనే నకలు దరఖాస్తు పెట్టాలి. కమిషన్ వేసిన ఘటన అయితే ఇంకొకటి కలపండి: 1952 విచారణ కమిషన్ల చట్టం ప్రకారం నివేదికను, దాని మీద తీసుకున్న చర్యల పత్రాన్ని 6 నెలల్లో శాసనసభ ముందు పెట్టాలి, ఆ పెట్టిన తేదీ అడగండి. ఫీజు 10 రూపాయలు, మండల స్థాయి ఆఫీసుల్లో 5 రూపాయలు, తెల్లకార్డు ఉన్నవాళ్లకు లేదు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు, సెక్షన్ 6(2) అదే అంటుంది. స్పీడ్ పోస్టులో, రసీదుతో పంపండి. ఒరిజినల్ కాగితం ఏదీ ఎవరి చేతికీ ఇవ్వకండి.

3. గడిచిన కాలాన్ని మీ బలంగా వాడుకోండి. ఇన్నేళ్లయింది, ఇప్పుడేం దొరుకుతుంది అని నీరుగారిపోయేవాళ్లు సెక్షన్ 8(3) ఒకసారి చదవాలి. దరఖాస్తు నాటికి 20 ఏళ్లు దాటిన ఘటన అయితే మామూలుగా చూపించే అడ్డంకుల్లో చాలావరకు పనిచేయవు. దర్యాప్తుకు ఆటంకం, వ్యక్తిగత సమాచారం, సమాచారం ఇచ్చినవాళ్లకు ముప్పు, ఇవేవీ చెప్పి ఆపలేరు. దేశ భద్రతకు సంబంధించినది, శాసనసభ హక్కులకు సంబంధించినది, మంత్రివర్గ పత్రాలకు సంబంధించినది, ఈ మూడు మాత్రం మిగులుతాయి. అంటే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో విద్యుత్ చార్జీల మీద ఊరేగింపు తీసినవాళ్లపై జరిగిన కాల్పుల కాగితాలు ఈరోజు అడిగితే, అప్పట్లో అడ్డుగా నిలిచిన కారణాలు చాలావరకు పోయాయి. కాలం గడిచేకొద్దీ సాక్షులు తగ్గుతారు, జ్ఞాపకం మసకబారుతుంది, నిజమే. కాగితం దగ్గర మాత్రం ఇరవయ్యో ఏడు దాటాక మీ చెయ్యే పైన ఉంటుంది. ఈ చట్టంలో బాధిత కుటుంబాలకు ఇంత పనికొచ్చే వాక్యం మరొకటి లేదని నా నమ్మకం, అందుకే దరఖాస్తు మొదటి పేరాలోనే దాన్ని ఎత్తిరాయండి.

4. తిరస్కరణను ముగింపు అనుకోకండి. "ఫైలు దొరకడం లేదు" అంటారు. ఫైలు పోవడం చట్టంలో ఉన్న మినహాయింపు కాదని, వెతకాలని, బాధ్యత తేల్చాలని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. "ధ్వంసం చేశాం" అంటే ధ్వంసం చేయమన్న ఉత్తర్వు, ఆ రిజిస్టరు పేజీ అడగండి. "దర్యాప్తు నడుస్తోంది" అంటే, దర్యాప్తు ఉందన్నంత మాత్రాన సరిపోదు, నకలు ఇస్తే అది ఎలా చెడుతుందో చూపించాలని 2007లో అదే కోర్టు భగత్‌సింగ్ అనే దరఖాస్తుదారు కేసులో తేల్చింది. "మా విభాగానికి చట్టం వర్తించదు" అని నిఘా విభాగాలు, ప్రత్యేక దళాలు అనవచ్చు. సెక్షన్ 24(4) చూపించండి. అవినీతికీ మానవ హక్కుల ఉల్లంఘనకూ ఆ మినహాయింపు వర్తించదు. హక్కుల ఉల్లంఘన సమాచారాన్ని రాష్ట్ర సమాచార కమిషన్ అనుమతితో 45 రోజుల్లో ఇవ్వాలి. ఒక పేజీలో రెండు వాక్యాలు ఇవ్వకూడనివి ఉంటే అవి కొట్టేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది. మొదటి అప్పీలు 30 రోజుల్లో, రెండో అప్పీలు 90 రోజుల్లో వేయాలి. రెండో అప్పీలు రాష్ట్ర సమాచార కమిషన్‌కు. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఆ కమిషన్‌లో కమిషనర్లే లేరు, 2025లో గానీ నియమించలేదు. ఆలస్యం అవుతుంది, ఆ ఆలస్యానికి మీరు కారణం కాదు. గడువు దాటకుండా వేసిన అప్పీలు మాత్రం బతికే ఉంటుంది.

5. తార్నాకకు వెళ్లండి. ఉప్పల్ నుంచి హబ్సిగూడ దాటితే వచ్చే తార్నాకలోనే రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలపు ఫర్మానాల నుంచి పాత ప్రభుత్వ ఫైళ్ల దాకా అక్కడ భద్రపరిచారు. 1948, 1969 లాంటి పాత సంగతుల మీద వెతికేవాళ్లు ఠాణా కన్నా ముందు ఇక్కడ సూచికలు చూడటం మేలు. ఉర్దూ చదవగల పెద్దమనిషిని వెంటబెట్టుకోండి.

ఈ దశలో మీకు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. "నక్సలైట్లు చంపలేదా? వాళ్ల చేతిలో పోయినవాళ్ల సంగతేంటి?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోకండి, అది న్యాయమైన ప్రశ్నే. ఉప్పల్ దాటి ఇదే వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ దగ్గర 2000 మార్చి 7న మందుపాతరకు మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి బలయ్యారు. ఆయన కుటుంబానికీ, ఇలాగే పోయిన కానిస్టేబుళ్ల, సర్పంచుల కుటుంబాలకూ పూర్తి వివరం తెలుసుకునే హక్కు మీతో సమానంగా ఉంది. ఈ అధ్యాయంలోని ప్రతి అడుగూ వాళ్లకూ పనిచేస్తుంది. నేరస్తులు చంపితే చట్టం వాళ్ల వెంటపడుతుంది. చట్టం పేరున చంపితే ఎవరు వెంటపడాలి? ప్రభుత్వం తన చేతల లెక్క చెప్పాలని అడగడం ఎదుటి పక్షాన్ని సమర్థించడం ఎలా అవుతుంది? 1997లో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఎన్‌కౌంటర్ చావుల మీద దేశమంతటికీ మార్గదర్శకాలు పంపింది. దానికి మూలం అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచే ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదు. 2014 సెప్టెంబరు 23న పీయూసీఎల్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త గట్టిగా చెప్పింది: ఎఫ్‌ఐఆర్ తప్పదు, దర్యాప్తు సీఐడీయో వేరే ఠాణా పోలీసులో చేయాలి, మేజిస్ట్రేట్ విచారణ జరగాలి, దగ్గరి బంధువుకు కబురు చేయాలి. ఈ పద్ధతి పాటించలేదని అనుకుంటే కుటుంబం నేరుగా సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయవచ్చు. ఈ వెసులుబాటు చాలా కుటుంబాలకు తెలియదు.

6. నకళ్లు చేతికొచ్చాక పక్కపక్కన పెట్టి చదవండి. ఎఫ్‌ఐఆర్‌లో కాల్పుల సమయం తెల్లవారుజాము 5 అని ఉండి, జనరల్ డైరీలో బలగం బయలుదేరిన సమయం 6 అని ఉంటే ఏమర్థం? దూరం నుంచి కాల్పులు జరిగాయని పంచనామాలో ఉండి, గాయం చుట్టూ చర్మం కాలి నల్లబడిందని పోస్టుమార్టంలో ఉంటే? ఇలాంటి ప్రతి తేడాను ఒక తెల్లకాగితం మీద రెండు వరసల్లో రాసుకోండి. లాయరు దగ్గరికి ఆ కాగితంతో వెళ్లండి, కన్నీళ్లతో మాత్రమే కాదు. లాయరు ఖర్చు భరించలేరా? మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఏడాది దాటిన ఘటనలను మానవ హక్కుల కమిషన్ విచారణకు తీసుకోదు కాబట్టి పాత కేసులో అక్కడ కాలం వృథా చేసుకోకండి. హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ మీ దారి. మూడేళ్లు మించి శిక్ష పడే నేరాలను కోర్టు విచారణకు తీసుకోవడానికి కాలపరిమితి లేదు, హత్యకు అసలే లేదు.

శిక్ష పడకపోతే ఇదంతా వృథాయేనా? 1977 మేలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద ప్రత్యర్థులు బాంబులు వేశారు. లోపల ఖైదులో ఉన్న తండ్రి చనిపోయాడు, కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డాడు. దాడి జరగొచ్చని ముందే చెప్పినా కాపలా పెంచలేదని ప్రభుత్వం మీద దావా వేశాడు. గడువు దాటిందన్నారు, సర్కారు పనికి సర్కారును కోర్టుకు లాగకూడదన్నారు. రెండు వాదనలూ ఓడిపోయాయి. హైకోర్టు ఇచ్చిన 1,44,000 రూపాయల పరిహారాన్ని 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. డబ్బు చిన్నదే, ప్రాణం ఖరీదు అసలే కాదు. కానీ కస్టడీలో ఉన్న మనిషి ప్రాణానికి ప్రభుత్వమే జవాబుదారీ అని ఆ తీర్పు నిలబడింది, తర్వాతి కుటుంబాలకు ఆధారమైంది. కనపడకుండా పోయినవాళ్ల ఇళ్లకు ఇంకో దారి ఉంది. ఏడేళ్లుగా జాడ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది. సివిల్ కోర్టులో ఆ ప్రకటన తెచ్చుకుంటే మరణ ధ్రువపత్రం, పింఛను, పొలం పట్టా మార్పు సాధ్యమవుతాయి. అది నిజాన్ని వదులుకోవడం కాదు, తల్లి మందుల ఖర్చు గడవడానికి అవసరమైన కాగితం. ఒక్క జాగ్రత్త: పరిహారం తీసుకునేటప్పుడు "ఇకపై మాకు ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న వాక్యం ఉన్న కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి.

భయం సంగతి దాచక్కర్లేదు. ఇంట్లో పిల్లల ఉద్యోగాలున్నాయి, పాస్‌పోర్టు వెరిఫికేషన్లున్నాయి. అందుకే దరఖాస్తు ఒక్కరి పేరు మీదే ఉంచకండి, అన్నదమ్ములు, వదిన, మేనల్లుడు తలో ఆఫీసుకు రాయండి. ప్రతి నకలూ ఊళ్లో ఒకటి, ఇక్కడ ఒకటి ఉంచండి. ఇలాంటి ఇంకో రెండు కుటుంబాలు మీ బస్తీలో ఉంటే కలిసి రాయండి. మణిపూర్‌లో 1,528 హత్యల జాబితాతో బాధిత కుటుంబాల సంఘం 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది; 2017లో సీబీఐ దర్యాప్తుకు ఆదేశం వచ్చింది. అంతమంది ఒక్క జాబితాగా వచ్చినప్పుడు "ఒకరి కేసు" అని పక్కన పెట్టడం కుదరలేదు.

ఈ వారమే ఒక్క దరఖాస్తు వేయండి, అన్నిటికన్నా ముందు పోస్టుమార్టం నివేదికకు. పంపిన తేదీ రాసిపెట్టుకోండి. ముప్పయ్యో రోజు దాటితే మర్నాడే మొదటి అప్పీలు వేయండి.